ఏడో టేపు

షెడ్డుకు వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇప్పటికీ ముందు అడిగేది ఒకటే, "బల్బాయన ఏడీ?" అని. నేను డెంటింగు, పెయింటింగు చేసేవాణ్ణి. చేతిలో స్ప్రే గన్ను, ఒంటినిండా పుట్టీ దుమ్ముతో ఎదురుగా నిలబడ్డా సరే, నా పని గురించి ఎవడూ అడగడు. మానేశాడండీ, అంటాను. అయ్యో, ఎందుకని? కళ్లు ఆనడం లేదండీ. పాపం, అంటారు. నేనూ తలూపుతాను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఆయన కళ్లకేమీ కాలేదు. ఉన్నమాట ఒక్కసారి రాసిపడేస్తే, ఆ తర్వాత అడిగినవాళ్లకు ఏం చెప్పాలో అప్పుడు చూసుకుంటాను.

బల్బాయన అంటే మా బావ, మా అక్క మొగుడు. కార్లలో కరెంటు పనంతా ఆయనది. పాత ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు అతికించి, ఒకదాని కొసన అక్క కుట్టుమిషను సూది, రెండోదాని కొసన చిన్న క్లిప్పు పెట్టి, దాన్ని మెడలో వేసుకుని తిరిగేవాడు. క్లిప్పు ఇనుముకు పట్టించి సూది వైరులో గుచ్చితే, కరెంటు ఉంటే బల్బు వెలుగుతుంది, లేకపోతే లేదు. మంచి మీటరొకటి సొరుగులో ఉండేది కానీ దాన్ని అంతగా నమ్మేవాడు కాదు. స్నానానికి తప్ప ఆ బల్బు మెడలోంచి తీయడని అక్క ఎగతాళి చేసేది.

ఇరవై రెండేళ్లు ఇద్దరం ఒకే రేకుల షెడ్డులో పనిచేశాం. ఎడమవైపు ఆయన బల్ల, కుడివైపు నా ప్లాస్టిక్ పరదాలు, మధ్యలో నీళ్లు పోయే కాలువ. ఆయన బల్ల మీద స్క్రూలన్నీ సైజుల వారీగా ఖాళీ మందుసీసాల్లో ఉండేవి. నా వైపు ఏ పానా ఎక్కడుందో నాకే తెలియదు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నాకు నోరు ఊరుకోదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఇన్నేళ్లలో ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు రాలేదంటే అది ఆయన మంచితనమే, నాదేం లేదు.

ఆయనకు రెండు పద్ధతులుండేవి. మొదటిది, ఏ బండి బాగుచేసినా దాని ఫ్యూజుల పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో మూడు ముక్కలు రాసేవాడు: తేదీ, జబ్బు, కారణం. తేదీ అంటే బండి ఇచ్చిన రోజు కాదు, కారణం దొరికిన రోజు. కారణం తెలియకుండా ఏ బండినీ బయటికి పంపేవాడు కాదు. "నడుస్తోంది కదా బావా, ఇచ్చెయ్యి" అని నేనెన్నిసార్లన్నా, "ఎందుకు పోయిందో తెలీకుండా, ఎందుకు బాగైందో ఎలా తెలుస్తుందిరా?" అనేవాడు. పెన్సిలు చెవి మీద, రబ్బరు ముక్క జేబులో ఎప్పుడూ ఉండాల్సిందే.

రెండోది టేపులు. కారులో కరెంటు బ్యాటరీ నుంచి వైరులో వెళ్లి, దీపాన్నో మోటారునో పనిచేయించి, తిరిగి కారు ఇనుప ఒంటి మీదుగా బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారి కోసం వైరును ఇనుముకు బోల్టుతో బిగించే చోటును ఎర్త్ అంటారు. అక్కడ ఇనుము మీద రంగుండకూడదు, రంగుంటే కరెంటు పోదు. అందుకని నేను ఏ కారుకైనా లోపలా బయటా పూర్తిగా రంగు వేసే ముందు, బావ వచ్చి ఎర్త్ వైర్లన్నీ విప్పి, ఆ చోట్ల నాణెమంత ఆకుపచ్చ టేపు ముక్కలు అంటించేవాడు. రంగు ఆరాక తనే టేపులు ఊడదీసి, లెక్కపెట్టుకుని, మళ్లీ వైర్లు బిగించేవాడు. నాకది చాదస్తంలా ఉండేది. ముఖం మీదే అనేవాణ్ణి కూడా.

ఇక ఆ కారు. అది పళ్ల డాక్టరమ్మది. ముప్పై ఏళ్ల కిందటి స్పోర్ట్స్ కారు, ఎర్రది, రెండే తలుపులు. ఎక్కాలంటే ఒంగాలి, దిగాలంటే పాకాలి. ముందు దీపాలు మామూలప్పుడు కనపడవు, స్విచ్చి వేస్తే బానెట్ లోంచి కప్పకళ్లలా పైకి లేస్తాయి. దాని వైరింగు పటం ఎక్కడా దొరకదు. ఏడేళ్లుగా బావే పాత క్యాలెండరు కాగితాల వెనక కొంచెం కొంచెంగా గీసుకుంటూ వచ్చాడు. డాక్టరమ్మ కొత్తగా ఆస్పత్రి పెట్టుకున్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. ఆదివారం పొద్దున తప్ప బయటికి తీయదు. "ఇది నా మొదటి పన్ను మాస్టారూ, ఊడనివ్వకండి" అనేది బావతో. బావ నవ్వేవాడు. ఆయన్ని నవ్వించేవాళ్లలో ఆవిడొకరు.

ఆ కారుకు నేను కొత్తగా రంగు వేసింది ఆరు నెలల కిందట. బావ వచ్చి ఏడు టేపులు అంటించి, ఆ మర్నాడే కుడికంటి శుక్లం తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరాడు. డాక్టరు పదిహేను రోజులు దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. కాబట్టి ఆ ఒక్కసారికి టేపులు ఊడదీసే పనీ, వైర్లు బిగించే పనీ నా మీద పడింది.

ఆరు టేపులే ఊడదీశాను. ఏడోది డాష్‌బోర్డు కింద, స్టీరింగు వెనక మూలలో ఉండాలి. తడిపి ఉప్పుకాగితం రుద్దేటప్పుడు ఎప్పుడో లేచి, కాలువలో కొట్టుకుపోయినట్టుంది. నేను చూసేసరికి అక్కడ ప్రైమరూ పడింది, దాని మీద రెండు పూతల ఎరుపూ పడి ఆరిపోయింది. గీకాలి. గీకాలంటే తలకిందులుగా పడుకుని, మెడ విరుచుకుని, వేళ్లు పట్టని సందులో అరగంట కుస్తీ పట్టాలి. పొద్దున్నుంచీ రంగు వాసనతో తల దిమ్మెక్కి ఉన్నాను. బోల్టు మరలు ఇనుములోకి దిగుతాయిగా, అవే పట్టుకుంటాయిలే, తర్వాత తీరిగ్గా గీకుదాం అనుకుని, వైరు పెట్టి బిగించేశాను. సాయంత్రం బావ ఇంటి నుంచి ఫోను చేశాడు, కంటికి కట్టుతో.

"ఏరా, ఏడూ వచ్చాయా?"

"ఏడూ వచ్చాయి బావా. నువ్వు పడుకో."

ఆ తర్వాత నిజంగా మర్చిపోయాను. ఈ ఒక్క మాటా నమ్మండి.

మూడో తారీకు సోమవారం ఆ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఉన్నపళంగా ఆగిపోయిందట. వెనక లారీ. డాక్టరమ్మ ఇంకా వణుకుతోంది. "హారను కొడదామంటే అదీ మోగలేదు మాస్టారూ. లారీవాడు చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. నాకు భయంగా ఉంది. ఈసారి మీరు బాగుందంటేనే ఎక్కుతాను, లేదంటే అమ్మేస్తాను" అంది.

ఆ కారు వేషాలు చెప్పనలవి కాదు. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది. అరగంట రోడ్డు మీద తిప్పి వేడెక్కిస్తే మొదలు. ఇండికేటరు వేస్తే వైపరు కదిలేది. బ్రేకు తొక్కితే పెట్రోలు ముల్లు పైకి లేచేది. దీపాల స్విచ్చి వేస్తే ఒక కన్ను లేచి రెండోది నిద్రపోయేది. ఒక్కోసారి అన్నీ ఒకేసారి చచ్చిపోయేవి. షెడ్డుకు తెచ్చి బావ సూది గుచ్చేసరికి అన్నీ సవ్యంగా ఉండేవి, ప్రతిచోటా బల్బు చక్కగా వెలిగేది. డాక్టరు దగ్గరికి వెళ్లగానే పంటినొప్పి పోయినట్టు. ఆ మాట డాక్టరమ్మే అంది.

మూడు రోజులు ఫ్యూజులు, స్విచ్చులు, కరెంటును కలిపి విడదీసే చిన్న రిలే డబ్బీలు ఒక్కొక్కటే మార్చి చూశాడు. గురువారం, ఆరో తారీకున, డాష్‌బోర్డు కింద తల పెట్టి పడుకున్నాడు. కాళ్లు తలుపు బయట ఉన్నాయి. డాక్టరమ్మ చూసిపోదామని వచ్చి పక్కన నిలబడింది. లోపలి నుంచే అడిగాడు.

"ఒరేయ్, ఇది ఎర్త్ జబ్బులా ఉందిరా. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతున్నాయి. మొన్న రంగేసినప్పుడు ఏడూ ఇనుము మీదే బిగించావు కదా?"

అప్పుడు గుర్తొచ్చింది. టేపులేని ఆ మూల, ఎర్రగా నిగనిగలాడుతూ, కళ్లకు కట్టినట్టు కనపడింది. నోరు మాత్రం ఆగలేదు.

"ఆ, ఏడూ బిగించాను బావా."

బావ బయటికొచ్చి బట్టలు దులుపుకుని డాక్టరమ్మతో అన్నాడు, "అయితే ఎర్త్ కాదండీ. బోల్టు కూడా గట్టిగానే ఉంది. విప్పి చూడక్కర్లేదు, మా బామ్మర్ది బిగించానన్నాడంటే బిగించినట్టే."

ఆ మాట అనకపోయి ఉంటే ఆ సాయంత్రమే చెప్పేసేవాణ్ణేమో. ఆవిడ ముందు అలా అన్నాక ఏ మొహం పెట్టుకుని చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. రేపు ఎల్లుండైంది. ఆయనే కనిపెడతాడులే, ఇరవై రెండేళ్లలో ఆయనకు దొరకని జబ్బు లేదు, అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆయన ఆ మూలను లెక్కలోంచి కొట్టేశాడు. క్యాలెండరు కాగితం మీద ఏడు ఎర్త్‌లకూ ఏడు టిక్కులు పెట్టుకున్నాడు. నేను చెప్పాను కాబట్టి పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి కారు పేగులు బయటపడ్డాయి. సీట్లు విప్పాడు, కిందున్న తివాచీ లాగేశాడు, వైర్ల కట్టకు చుట్టిన పాత టేపంతా ఒలిచాడు. నేల మీద గోనెపట్టా పరిచి, వైర్లన్నీ దాని మీద వరసగా పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కటే తడుముతూ కూర్చునేవాడు. మోకాళ్లు పట్టేసేవి. లేవాలంటే కారు తలుపు పట్టుకుని లేచేవాడు. వేరే బండ్లు వస్తే వారం ఆగమనేవాడు. నేను పరదా వెనక స్ప్రే గన్ను ఊరికే కడిగిందే కడుగుతూ, కుక్కిన పేనులా పడి ఉండేవాణ్ణి.

పదకొండో తారీకు మంగళవారం నన్ను దగ్గరికి పిలిచి, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, ఒక వైరు చూపించాడు.

"ఇది గోధుమ రంగేనా?"

"గోధుమే బావా."

"నాకు ఊదాలా కనపడిందిరా."

ముప్పై ఏళ్ల వైరు. మట్టీ గ్రీజూ పట్టి వెలిసిపోయింది. మనసులో నేనూ ఊదానే అనుకుని, గోరుతో గీకి చూసి గోధుమన్నాను. ఆ సంగతి చెప్పొచ్చుగా. చెప్పలేదు. ఆయన వైరును వెలుగుకేసి పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, చాలాసేపు చూశాడు. "అయితే ఆపరేషనయ్యాక ఏదో బండిలో ఈ రెండూ తారుమారు చేసే ఉంటాను. ఇందులోనే చేశానేమో" అన్నాడు. నేను లేచి స్ప్రే గన్ను కడగడానికి వెళ్లాను.

శనివారం సాయంత్రం అక్క కబురు పెడితే వాళ్లింటికెళ్లాను. రెండు గదుల ఇల్లు, ముందు గదిలోనే కుట్టుమిషను. బావ వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అక్క దారపు ఉండలన్నీ పోసి ఉన్నాయి. అక్క గుమ్మంలో నిలబడి, ఒక ఉండ తీసి చూపిస్తోంది.

"ఇదేంటి?"

"గోధుమ."

"ఇది?"

"ఊదా. కాదు, ఆగు. నేరేడు రంగు."

"ఊదానేనండీ. కరెక్టుగానే చెప్పారు, మళ్లీ ఎందుకు మారుస్తారు?"

నన్ను చూసి బావ సిగ్గుపడి, దారాలన్నీ గబగబా డబ్బాలో పోసేశాడు. అక్క నన్ను బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టింది.

"నాలుగు రోజుల్నుంచీ ఇదే పనిరా. అన్నం తింటూ కూరగాయ ముక్కలు వేలితో పక్కకు తోసి, ఇది ఆకుపచ్చేనా అంటారు. కంటి డాక్టరు చూపు బాగుందన్నాడు. అయినా నమ్మరు. కళ్లు కాకపోతే బుర్ర అయి ఉంటుందంటారు. మార్కెట్టు పక్కన పార్కింగు గేటు దగ్గర చీటీలిచ్చే పనుందట. ఇవాళ పొద్దున వెళ్లి, ఒకటో తారీకు నుంచి వస్తానని మాటిచ్చొచ్చారు. కుర్చీ వేస్తారట, గొడుగు కూడా ఇస్తారట." అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవరి ప్రాణం మీదికైనా తెచ్చేలోగా మానేస్తానంటున్నారురా. ఆ లారీ మాటే తలుచుకుంటున్నారు. ఆ కారుకేమైందో నీకేమైనా తెలుస్తోందా?"

"నాకేం తెలుసక్కా, నేను రంగులేసుకునేవాణ్ణి" అన్నాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆయన మీదే కోపం వచ్చింది. ఒక్క మాట నమ్మడమేంటి, ఒక్క బోల్టు విప్పి చూసుకుంటే ఏం పోయింది, అని మా ఆవిడ మీద అరిచాను. ఏ బోల్టు, అంది ఆవిడ. నీకెందుకు, అన్నాను.

ఇక లాభం లేదని ఒక ఉపాయం ఆలోచించాను. చెప్పకుండా చేసేస్తే సరి. కారు బాగైతే ఆయనకు ధైర్యం వస్తుంది, గేటు పని మానుకుంటాడు, నా పరువూ దక్కుతుంది. నా బుర్రకు అది బ్రహ్మాండమైన ఉపాయంలా తోచింది.

పద్దెనిమిదో తారీకు మంగళవారం మధ్యాహ్నం ఆయన ఆ పాత మోడలుకు సరిపోయే రిలే కోసం స్పేర్ల కొట్టుకు వెళ్లాడు. అప్పటికే వైర్లన్నీ మళ్లీ కట్టి లోపల పెట్టేశాడు. నేను తలకిందులుగా దూరి, పది నంబరు పానాతో ఆ బోల్టు విప్పాను. వైరు కొస కింద రంగు అలాగే ఉంది, మధ్యలో నల్లగా కాలిన మచ్చ. మరల్లో తుప్పు. ఉప్పుకాగితంతో తెల్లగా మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాను. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఎర్రటి పొడి నా చొక్కా మీద రాలితే దులిపేసుకుని పరదా వెనక్కి వెళ్లిపోయాను.

బావ వచ్చి కొత్త రిలే పెట్టి గంటసేపు రోడ్డు మీద తిప్పాడు. వచ్చి అన్నీ ఒకేసారి వేశాడు: దీపాలు, వైపర్లు, ఇండికేటరు, హారను. రెండు కళ్లూ కలిసి లేచాయి. ఏదీ తొణకలేదు. నేను పరుగెత్తుకెళ్లి, "చూశావా బావా, పట్టేశావు. రిలేనే అన్నమాట" అన్నాను.

ఆయన కొత్త రిలే తీసేసి పాతది పెట్టి, మళ్లీ గంట తిప్పుకొచ్చాడు. అప్పుడూ బాగానే ఉంది. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"రిలే కాదురా. నేనేం చేయకుండానే బాగైంది."

"బాగైంది కదా. అదే కదా కావాల్సింది."

"ఏం చేశానో నాకు తెలియాలి కదరా. ఏదో ముట్టుకునే ఉంటాను. ముట్టుకుని మర్చిపోయానంటే..." అని ఆగి, తల మీద చేయి పెట్టుకున్నాడు. "కళ్లనుకున్నాను. బుర్రే."

నా బ్రహ్మాండమైన ఉపాయం అలా అఘోరించింది. అప్పుడైనా చెప్పొచ్చు. దులిపినా పోని ఎర్ర పొడి చొక్కా మీద ఇంకా ఉంది. మళ్లీ దులుపుకుంటూ పరదా వెనక్కి వెళ్లిపోయాను.

మూడు రోజులు ఆ కారును తిప్పుతూనే ఉన్నాడు. అది ఒక్కసారి ఆగితే బావుండుననేంత ఆశగా తిప్పాడు. ఆగలేదు. రోజు రోజుకూ మనిషి పీక్కుపోయాడు. శుక్రవారం, ఇరవై ఒకటో తారీకు, భోజనాల వేళ డాక్టరమ్మను రమ్మన్నాడు. ఆవిడ తెల్లకోటుతోనే వచ్చింది. బావ తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"నడుస్తోందండీ. ఎందుకు నడుస్తోందో నాకు తెలీదు. రేపు ఆగదని నేను చెప్పలేను. ఇంకెవరికైనా ఒకసారి చూపించుకోండి. నా కళ్ల మీదా బుర్ర మీదా నాకే నమ్మకం పోయింది, ఈ నెలాఖరుకు మానేస్తున్నాను."

"మీరు కాక ఇంకెవరికి చూపించను మాస్టారూ?" అంది ఆవిడ.

బావ మెడలోంచి బల్బు తీసి, బల్ల పైనున్న మేకుకు తగిలించాడు. ఇరవై రెండేళ్లలో షెడ్డులో ఆయన మెడ బోసిగా చూడటం అదే మొదలు. నేను కారు దగ్గరే నిలబడి ఉన్నాను. ఫ్యూజుల పెట్టె మూత తెరిచి ఉంది. ఏడేళ్ల రాతలు, పదకొండు వరసలు, ప్రతిదానికీ తేదీ, జబ్బు, కారణం. పన్నెండో వరసలో జబ్బు ఒక్కటే రాసి ఉంది. తేదీ ఖాళీ. కారణం ఖాళీ. అది చూశాక నా వల్ల కాలేదు.

"బావా, ఏడో టేపు రాలేదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. టేపు లేచిపోయిన సంగతీ, రంగు మీదే బోల్టు బిగించిన సంగతీ, మంగళవారం ఆయన లేనప్పుడు గీకేసిన సంగతీ చెప్పాను. ఆరో తారీకు ఊసెత్తలేదు. మంగళవారమే గుర్తొచ్చినట్టు వాళ్లనుకుంటే అనుకోనిచ్చాను. డాక్టరమ్మ నా ముఖం చూడలేక కారు వైపు తిరిగింది.

బావ మెల్లగా ఒంగి, డాష్‌బోర్డు కింద దూరి పడుకున్నాడు. బోల్టు విప్పిన చప్పుడు వినపడింది, కాసేపటికి బిగించిన చప్పుడు. తలుపు పట్టుకుని లేచి నిలబడేసరికి ఆయన ముఖంలో నేననుకున్న కోపం లేదు. చాలా రోజులు మోసిన మూట దించినవాడిలా ఉన్నాడు.

"ఎర్తే" అన్నాడు. "మొదట్లో నేననుకున్నదే."

"అయితే మీ కళ్లకేమీ కాలేదు మాస్టారూ. బుర్రకూ ఏమీ కాలేదు" అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ నవ్వాడు. మేకు మీది బల్బు తీసి మళ్లీ మెడలో వేసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ గేటు పని వద్దని చెప్పెయ్ బావా. ఇప్పుడే వెళ్లి నేను చెప్పొస్తాను."

"చెబుదాంలే. ముందు ఇది రాయి. నీ చేత్తోనే రాయి" అని చెవి మీది పెన్సిలు నాకిచ్చాడు.

మూత మీద, కారణం అన్నచోట, "ఎర్త్ కింద రంగు. టేపు ఊడింది, గీకలేదు" అని రాశాను. తేదీ దగ్గర పద్దెనిమిది వేశాను. బావ ఒంగి, వేలు పెట్టి, చదువుకున్నాడు. వేలు తేదీ మీద ఆగింది.

"అది గీకిన రోజు కదరా. కారణం తెలిసిన రోజు వెయ్యాలి. ఎప్పుడు తెలిసింది నీకు?"

మామూలుగానే అడిగాడు. మంగళవారమే బావా అంటే సరిపోయేది, ఆయన నమ్మేవాడు. నేనేది చెప్పినా నమ్ముతాడు. ఆ మూతలో పదకొండు వరసలు ఆయన చేతిరాతతో ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ అబద్ధం లేదు. నేను ఆయన జేబులోంచి రబ్బరు తీసుకుని పద్దెనిమిది చెరిపి, ఆరు వేశాను.

బావ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"పదిహేనో తారీకు మీ అక్క నాకు దారాలు చూపించింది. నువ్వూ వచ్చావు ఆ రోజు."

"వచ్చాను బావా."

"మీ అక్క వెనకే నిలబడి చూశావు."

"ఆ."

మెడలోంచి బల్బు తీసి మేకుకు తగిలించాడు. విసురుగా కాదు, వైరు మడత పడకుండా సర్ది మరీ తగిలించాడు.

"కళ్లు పోయినా ఫరవాలేదనుకున్నాన్రా" అన్నాడు. "పక్కన నువ్వున్నావు, చూసి చెబుతావు కదా అనుకున్నాను."

డాక్టరమ్మ కారు తీసుకుని వెళ్లిపోయింది. బావ బల్ల తుడిచి, మందుసీసాల మూతలు బిగించి, ఒకటో తారీకున గేటు దగ్గర చేరాడు. పండగకో పబ్బానికో వాళ్లింటికి వెళ్తే బాగానే మాట్లాడతాడు, అన్నం పెట్టించి దగ్గర కూర్చుంటాడు. పని సంగతి ఎత్తడు. అక్కకు ఆయన ఏం చెప్పాడో నేనడగలేదు. బల్బు ఇంకా ఆ మేకుకే ఉంది. ఎవరైనా బల్బాయన ఏడీ అంటే అటే చూస్తాను. ఇవాళ పొద్దున ఒకాయన అడిగాడు. కళ్లు ఆనడం లేదండీ, అన్నాను.